తూములో నిలిచిన నీరు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంత పెద్ద సభలో స్నానాలగది తూము గురించి మాట్లాడటమేమిటని కొందరికి నవ్వు రావచ్చు. కాని ఇంటిల్లిపాది ఆరోగ్యం కొంత ఆ తూము మీద ఆధారపడి ఉన్నది. అందుకే నాలుగు మాటలు మనవి చేస్తాను.

వాష్ బేసిన్ కింది పైపు తిన్నగా గోడలోకి పోదు. ఒకచోట కిందికి వంగి మళ్లీ పైకి లేస్తుంది. ఆ వంపునే ట్రాప్ అంటారు. నేల తూము కింద ఉండేదాన్ని మేస్త్రీలు నహానీ ట్రాప్ అంటారు. 'నహానా' అంటే స్నానం చేయడమని మన ఇళ్లలో వేరే చెప్పాలా! మనం పోసిన నీళ్లన్నీ వెళ్లిపోయినా వంపులో కొంచెం నీరు నిలిచే ఉంటుంది. అది మురుగు పోవడానికి అడ్డం కాదు, అవతలి గాలి ఇవతలికి రాకుండా అడ్డం. ఆ నీటి లోతు సాధారణంగా 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు. మురుగుకాలువకూ మన ఇంటికీ మధ్యనున్న తలుపు ఆ రెండంగుళాల నీరే.

ఈ ఉపాయం పాతదే. లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమ్మింగ్ 1775లో మరుగుదొడ్డి కింద ఎస్ ఆకారపు వంపు పెట్టి పేటెంటు పొందాడు.

ఆ నీరు లేకపోతే ఏమవుతుంది? 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే ఇళ్ల సముదాయంలో 300 మందికి పైగా సార్స్ జ్వరం సోకింది, 42 మంది చనిపోయారు. దర్యాప్తు చేసినవారి దృష్టి నేల తూముల మీద పడింది. అక్కడివారు నేలను కడగక తడిగుడ్డతో తుడిచేవారు. అందుచేత చాలా ట్రాపుల్లో నీరు ఎండిపోయింది. గాలి బయటికి లాగే ఫ్యాను వేసినప్పుడల్లా మురుగు పైపులోని గాలి స్నానాలగదిలోకి వచ్చిందని వారు తేల్చారు.

మన ఇళ్లలో ఈ నీరు ఎలా పోతుందో చూద్దాం. ఎండాకాలం సెలవులకు ఊరెళితే ఆవిరైపోతుంది. చుట్టాలొస్తే తప్ప వాడని గదిలోనూ అంతే. గాలి గొట్టం లేని ఇంట్లో, మేడమీద ఫ్లష్ చేసినప్పుడు కింది తూములో గుడగుడమని శబ్దం వస్తుంది. నీటిని పైపు లాగేసుకుంటున్నదన్నమాట. మనం చేసేది ఇంకొకటుంది. తూములో బోర్లించిన గిన్నె ఉంటుంది చూడండి, నీళ్లు మెల్లగా పోతున్నాయని దాన్ని పీకి పారేస్తాం. ఆ గిన్నె ఉన్న తూముకి ట్రాపు అదే! తీసేశాక కంపు, బొద్దింకలు వస్తే ఇంటివాళ్లనీ అద్దెకున్నవాళ్లనీ తిట్టుకుంటాం.

కంపు వస్తే అగరొత్తులు వెలిగిస్తే చాలదు. మురుగు వాయువుల్లో హైడ్రోజన్ సల్ఫైడు ఉంటుంది. అది బాగా ఎక్కువైతే వాసన తెలిసే శక్తినే చంపుతుంది. కనుక వాసన తగ్గినంత మాత్రాన ప్రమాదం తగ్గినట్టు కాదు. మరొక మాట, తూము శుభ్రానికి యాసిడు, బ్లీచింగ్ పౌడరు కలిపి ఎన్నడూ పోయకండి. క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది.

చేయవలసింది స్వల్పమే. వాడని తూములో వారానికొక చెంబెడు నీళ్లు పోయండి. ఊరెళ్లేముందు నీళ్లు పోసి, పైన ఒక చెంచా నూనె వేస్తే త్వరగా ఆరదు. గిన్నె తీసి వెంట్రుకలు, సబ్బు జిడ్డు కడిగి మళ్లీ అక్కడే పెట్టండి. కొత్తిల్లు కట్టేవారు టైల్సు రంగు చూసేముందు ట్రాపు పెట్టారా, గాలి గొట్టం పైకప్పు దాటిందా అని మేస్త్రీని అడగండి. నేల పగలగొట్టి తర్వాత పెట్టించడం పెద్ద ఖర్చు.

ఈ రాత్రే టార్చిలైటు వేసి తూములో చూడండి. నీరు మెరిస్తే సంతోషం. లేకపోతే చెంబెడు పోయండి. మర్నాటికే నీరు పోయిందంటే ట్రాపు పగిలి ఉండాలి, లేదా అసలు పెట్టి ఉండరు. అప్పుడు ప్లంబరును పిలవక తప్పదు.