చేప పాలకు ఒక్క నిమిషమే గడువు
(దామరచర్ల ప్రాంతపు చేపల రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలియుట మీరు నిత్యము చూచునదే. సాగరు ఎడమ కాలువ వచ్చిన తరువాత మీ ప్రాంతమున నీటికి ఆదరువు కలిగినది. చెరువులో చేపపిల్లను వదలుట మీకు క్రొత్త గాదు. అయితే ఆ పిల్లను తామే తీయవలెనని మీలో కొందరు తలపెట్టినారని విన్నాను. వారి కొరకే ఈ నాలుగు మాటలు.

పూర్వము బొచ్చె, రోహు పిల్లల కొరకు వరద నీటిలో వలలు పట్టి కూర్చోవలసి వచ్చెడిది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలీకున్హి గారలు పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి చేపచేత గుడ్లు పెట్టించగలిగారు. నేడు ఆ పని చేసే మందు సీసాలలోనే దొరుకుచున్నది. బొచ్చె, రోహు సూది తరువాత గుండ్రని తొట్టెలో తమంతట తామే ఈనుతవి. గడ్డిచేప, వెండిచేపలను మాత్రము తరచుగా చేతితో పిండవలసి వచ్చును. గుడ్లు చెడిపోవునది అక్కడనే.

మగచేప పాలబొట్టును సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూడండి. లెక్కలేనన్ని శుక్రకణములు, ఒక్కటియు కదలదు. చచ్చినవేమో అనుకొందురు. కాదు, నిద్రలో వున్నవి. ఒక చుక్క మంచినీరు తగిలించండి, క్షణములో అన్నియు తోకలాడించి పరుగెత్తును.

కారణమేమనగా, పాలలో వున్న లవణముల గాఢత చేప రక్తములోని దానితో ఇంచుమించు సమానము. అంత గాఢత వున్నంతవరకు కణము కదలదు. చెరువు నీరు చప్పనిది. ఆ నీరు తగలగానే కణము పైపొర ఆ తేడాను పసిగట్టును. పొరలోని సన్నని ద్వారములు తెరచుకొని పొటాషియము వెలుపలికి పోవును. పొర మీది విద్యుత్తు మారును. కాల్షియము లోనికి వచ్చును. ఆ కాల్షియమే తోకకు కదలుమన్న కబురు. సాల్మను జాతి చేపలలో ఈ కబురు నడచే త్రోవ కొంత వేరు. మనకు కావలసినది గండుచేపల సంగతి.

ఇంతకూ చిక్కేమిటంటే, ఆ పరుగు ఇంచుమించు ఒక్క నిమిషమే. కణములో నిలువవున్న శక్తి అంతలో ఖర్చయిపోవును, చప్పనీటికి కణము ఉబ్బి తోక చుట్టుకొనును. గుడ్డుకు వున్న ఒకే ఒక రంధ్రము కూడా నీరు తగిలిన కొద్దిసేపటికే మూసుకొనును. ఇద్దరికీ గడువు ఒక్కటే.

కనుక తడి పళ్లెములో పాలు పిండినవారు, గుడ్లు వచ్చులోపలే ఆ నిమిషమును పోగొట్టుకొన్నవారే. చేప పొట్టను గుడ్డతో పొడిగా తుడవండి. పళ్లెము పొడిగా వుండవలెను. చేతుల నీరు కారరాదు. చేప మూత్రము పాలలో పడనీయకండి. మంచినీటి చేప మూత్రము కూడా పలుచనిదే, అదియు కణములను ముందుగానే లేపివేయును. గుడ్లను, పాలను పొడిగానే కోడి ఈకతో కలిపి, అటు తరువాత నీరు పోయండి.

బంగారుతీగకు నీటికి బదులు ఒక ద్రావణము వాడుదురు: పది లీటర్ల నీటికి 40 గ్రాముల ఉప్పు, 30 గ్రాముల యూరియా. గుడ్లు ఒకదానికొకటి అంటుకొనవు; నీరు అంత చప్పగా వుండదు గనుక కణములు ఉబ్బక మరికొంతసేపు పరుగెత్తును. అయితే ఉప్పు మేలు చేయుచున్నది గదా అని గుప్పిళ్లతో వేయకండి. రెట్టింపు వేసితిరా, గాఢత తిరిగి పాలకు సమానమగును, కణములు లేవనే లేవవు. గుడ్లు తెల్లబడి నేలపాలగును. ఏడాదిపాటు మేపిన తల్లిచేప ఆ పూటకు వృథా. చిన్న తూకపు త్రాసు కొనుక్కోండి, దాని ఖరీదు ఎంతో కాదు.

పాలేరులోని మత్స్య పరిశోధనా స్థానము మీకు పెద్ద దూరము గాదు. అటు వెళ్లినప్పుడు పాలబొట్టును ఒకసారి నీటితోను, ఒకసారి నీరు లేకుండాను చూపించుమని అడగండి.