మగ్గం మాట కిరాయికిచ్చే ముందు

(చేనేత కుటుంబాల పిల్లలు, చిన్న దుకాణదారులు, విద్యార్థులు, ఉద్యోగులు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న సంగతి చూడనీకి చిన్నదే. దుకాణానికి, సొసైటీకి వెబ్‌సైటు పెట్టుకున్నం. అండ్ల వారానికొక ముచ్చట రాయాలె అంటున్నరు. రాసెటోడు మన దగ్గర లేడు. పైసలిచ్చి ఒక కన్సల్టెంటును పెట్టుకుందామా, వద్దా? ఇదీ మీ ప్రశ్న. వద్దని చెప్పనీకి నేను రాలే. పెట్టుకోవచ్చు. కానీ ఏ పని అప్పజెప్పాలె, ఏది చేతులకెల్లి పోనియ్యద్దు, కాగితం మీద ఏం రాయించుకోవాలె అన్నది తెల్వకుండ పెట్టుకుంటే చీర మనది, పేరు మనది, మాట మాత్రం ఇంకోడిది అయితది. ఈ బాధ మనకు కొత్తదా? మన యాసను సినిమాలల్ల ఎవరి నోట్లె పెట్టిండ్రో, మన ముచ్చట్లు ఎవరెవరు ఎట్లెట్ల రాసిండ్రో ఈడ కూసున్నోళ్లకు నేను చెప్పే పని లేదు.

2005, 2006 ప్రాంతంల బ్లాగులు జోరు మీద ఉండె. మన తెలుగోళ్లు 'లేఖిని'ల టైపు కొట్టుకొని, 'కూడలి'ల కలుసుకొని మస్తు రాసిండ్రు. అది ఇష్టంతోని రాసిన రాత, అండ్ల బేరం లేదు. మనిషి మనిషితోని మాట్లాడినట్టు ఉండే రాతను జనం నమ్ముతున్నరని కంపెనీలు కూడ అప్పుడే కనిపెట్టినయి. నమ్మకం ఉన్నకాడికి యాపారం రాకుండ ఉంటదా? వచ్చింది. కిరాయి రాతలు కూడ దాని ఎనుకనే వచ్చినయి. అమెరికాల జరిగిన రెండు కథలు చెప్త. రెండూ 2006 సంగతులే.

వాల్‌మార్ట్ పేరు మీకు ఎరికే, ప్రపంచంల అతిపెద్ద చిల్లర దుకాణాల కంపెనీ. జీతాలు తక్కువిస్తరని, యూనియన్లను రానియ్యరని అప్పట్ల దాని మీద గట్టి విమర్శ నడుస్తుండె. ఆ సెప్టెంబరుల ఒక బ్లాగు మొదలైంది. ఒక జంట ఇల్లు లెక్క ఉండే బండేసుకొని లాస్ వేగాస్ నుంచి జార్జియా దిక్కు బయలెల్లిండ్రు. రాత్రి వాల్‌మార్ట్ దుకాణాల ముంగట బండ్లాపే జాగల పండుకునుడు, తెల్లారి అండ్ల పనిచేసెటోళ్లతోని మాట్లాడి రాసుడు. చదివితే అందరు సల్లగ ఉన్నట్టే కనబడతది. అక్టోబరుల బిజినెస్‌వీక్ పత్రిక అసలు సంగతి బయటపెట్టింది. ప్రయాణం ఖర్చు పెట్టుకున్నది 'వర్కింగ్ ఫ్యామిలీస్ ఫర్ వాల్‌మార్ట్' అనే సంఘం. పేరు చూస్తే కష్టజీవుల సంఘమే అనుకుంటం. దాన్ని నిలబెట్టింది మాత్రం వాల్‌మార్ట్ ప్రచారం పని చూసే ఎడెల్‌మన్ కంపెనీ, పైసలు వాల్‌మార్ట్‌వి. ఆఖరికి ఆ కంపెనీ పెద్ద రిచర్డ్ ఎడెల్‌మన్ తప్పు మాదే అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక్క మాట గమనించుండ్రి. తిరిగినోళ్లు నిజం మనుషులే, తిరిగిన తొవ్వ నిజమే, మాట్లాడిన కార్మికులు నిజమే. ఖర్చు ఎవరిదన్నది చదివెటోళ్లకు చెప్పలే. అదొక్కటి దాచినందుకే మిగతాదంతా అబద్ధం లెక్కల పడ్డది.

రెండోది సోనీది. అదే ఏడు డిసెంబరుల, క్రిస్మస్‌కు ముందు, పీఎస్‌పీ అనే ఆట యంత్రం కోసం తండ్లాడే పోరగాండ్లు రాసుకున్నట్టు ఒక సైటు వచ్చింది. భాష కూడ పోరగాండ్ల భాషనే, కావాలని తప్పులు పెట్టి రాసినట్టు. చూసినోళ్లకు అనుమానమొచ్చి ఆ సైటు పేరు ఎవరి మీద రిజిస్టరై ఉందో తీసిండ్రు. జిపటోనీ అనే మార్కెటింగ్ ఏజెన్సీ మీద ఉన్నది! సోనీ ఒప్పుకోక తప్పలే. ఈ 'ఎవరి పేరు మీద రిజిస్టరు' అన్న ముచ్చటను యాదిల పెట్టుకోండ్రి, మళ్ల దాని కాడికి వస్త.

అట్లనే మంచి కథ కూడ ఒకటి ఉన్నది. డెల్ కంప్యూటర్ల కంపెనీని 2005ల కొనుక్కున్నోళ్లు ఇంటర్నెట్ల ఉతికి ఆరేసిండ్రు, సర్వీసు బాగలేదని. 2006 జులైల ఆ కంపెనీ సొంత బ్లాగు పెట్టింది. రాసింది సొంత ఉద్యోగులే. అప్పుడే ఒక డెల్ ల్యాప్‌టాప్ మండుతున్న ఫోటో లోకమంతా తిరుగుతుండె. కిరాయి మనిషైతే ఆ ఊసే ఎత్తకపోవు. వాళ్లు ఆ సంగతి మీదనే తమ బ్లాగుల రాసిండ్రు. వచ్చే నెల 41 లక్షల బ్యాటరీలు వాపస్ తీసుకుంటమని కంపెనీ ప్రకటించింది. చెడ్డ వార్తను తన నోటితోని చెప్పే ధైర్యం ఇంటి మనిషికే ఉంటది. బయటి మనిషికి ఎందుకుండాలె? వానికి నెల తిరిగేసరికి బిల్లు పాసు కావాలె.

అది అమెరికా, మనకేంది అంటరేమో. మన దగ్గర 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉన్నది. తప్పుదోవ పట్టించే ప్రకటన మీద కేంద్ర ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షల రూపాయల దాక, మళ్ల చేస్తే 50 లక్షల దాక జరిమానా ఎయ్యొచ్చు. 2022 జూన్‌ల ప్రకటనల మీద మార్గదర్శకాలు వచ్చినయి. అదే ఏడు నవంబరుల ఆన్‌లైన్ రివ్యూల మీద ఐఎస్ 19000 అనే ప్రమాణం వచ్చింది. కన్సల్టెంటు వచ్చి "అన్నా, ఐదు చుక్కల రివ్యూలు ఒక యాభై ఏయిస్త" అంటే అది సాయం గాదు. రేపు నోటీసు వచ్చేది దుకాణం పేరు మీద, వాని పేరు మీద గాదు.

ఇగ మన మగ్గం కాడికి వద్దాం. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు 2005ల వచ్చింది. తేలియా రుమాలుకు 2020ల వచ్చింది. గుర్తింపు కాగితం బీరువల ఉన్నది, బజార్ల మాత్రం మన డిజైను అచ్చేసిన బట్ట మన పేరుతోనే అమ్ముడుపోతున్నది. కొనే ఆమెకు తేడా ఎట్ల తెలుస్తది? మనం చెప్తేనే తెలుస్తది. నూలును ముడిచి కట్టి, రంగులు అద్ది, ఆ తర్వాత నేస్తం కాబట్టి డిజైను రెండు దిక్కుల ఒక్కతీరుగ ఉంటది. అచ్చు బట్టను తిరగేస్తే ఎనుక దిక్కు వెలిసినట్టు కనబడతది. మనదాంట్ల పువ్వు అంచు కొద్దిగ చెదిరి ఉంటది, గీసినట్టు కత్తెర అంచు ఉండదు. దాన్ని చూసి పట్నం ఆమె "డిఫెక్టు ఉంది" అని వాపస్ పంపుతది. అది తప్పు గాదు, అదే చేతిపని గుర్తు అని చెప్పేది ఎవరు?

ఆసు సంగతి చెప్పుండ్రి. ఒక్క చీరకు ఆడామె చెయ్యి ఆ మేకుల మీద నూలు చుట్టుకుంట దాదాపు తొమ్మిది వేల సార్లు అటు ఇటు తిరిగేది. భుజాలు పడిపోయేటియి. తల్లి బాధ చూడలేక చింతకింది మల్లేశం 1999ల ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే, లక్ష్మి అని పెట్టిండు. 2017ల పద్మశ్రీ వచ్చింది. ఇది బయట కూసొని రాసే మనిషికి తెలుస్తదా? ఇంటర్నెట్ల దొరికినంత తెలుస్తది. కానీ యంత్రం రాకముందు మీ ఇంట్ల ఆసు పోసిన అమ్మ, ఇప్పటికి కూడ కొప్పు ముడేసుకోనీకి చెయ్యి పైకెత్తలేకపోతే, ఆ ముచ్చట ఏ కన్సల్టెంటు దగ్గర ఉన్నది?

అందుకే నా లెక్క ఇది. ముచ్చట మనది, ముస్తాబు వానిది. మనం ఫోన్ల మాట్లాడి రికార్డు చేసి పంపుదాం, వాడు వరుస పెట్టి దిద్దాలె, ఇంగ్లీషుల కావాలంటే ఇంగ్లీషుల పెట్టాలె, ఫోటోలు సరిజేయాలె, సైటుల ఎక్కించాలె. అమెరికాల ఉన్న మన పిల్లలు చదివి కొనుక్కుంటరంటే ఇంగ్లీషు అక్కరనే. కానీ తెలుగు పేజీల మన మాటను ఇస్త్రీ చేస్తనంటే ఒప్పుకోకుండ్రి. ఆసు ఆసే, చిటికి చిటికే. ఎక్కించే ముందు మగ్గం తెలిసిన మనిషి ఒక్కరు చదివి సరే అనాలె. అట్ల అననిది ఎక్కద్దు.

పెట్టుకునే ముందు వాని బొమ్మల పుస్తకం చూసి మురువకుండ్రి. ఒక రెండు దినాలు మగ్గం గుంత పక్కన కూసోబెట్టుండ్రి. రెండు ముచ్చట్లు రాయమనుండ్రి, వాటికి పైసలియ్యుండ్రి. ఊకనే రాయించుకునుడు మంచిగుండదు, మన నేతను ఎవడన్న నమూనాకని ఊకనే అడిగితే మనకెట్లుంటది? ఆ రెండింటిల మీ ఊరు కనబడితే పెట్టుకోండ్రి. పొగడ్తలే కనబడితే చాయ తాగిచ్చి పంపుండ్రి.

"గూగుల్‌ల మొదటి పేరు మీదే చేస్త, గ్యారెంటీ" అనెటోడు వస్తడు. గూగుల్ కంపెనీనే అట్లాంటి గ్యారెంటీ ఎవరూ ఇయ్యలేరని తన పేజీలల్ల చెప్పుకున్నది. ఇప్పుడు ఇంకో తరీఖ వచ్చింది. మిషన్‌తోని రాయించి నెలకు వంద పేజీలు పోస్తరు. 2024 మార్చిల గూగుల్ కొత్త నియమం పెట్టింది. చదివెటోళ్లకు అక్కర లేకున్న ర్యాంకు కోసం కుప్పలుగ పోసే పేజీలను, మనిషి రాసినా మిషన్ రాసినా, ఎనుకకు నూకుతమన్నది. మిషన్ సాయం తీసుకునుడు తప్పంటలే. కుప్ప పోసుడు నష్టం. మాటకు ఇన్ని పైసలని లెక్కగడితే మాటలే పెరుగుతయి. ముచ్చటకింత అని కట్టుకోండ్రి. నెలకు రెండు చాలు. ఎంతమంది చూసిండ్రన్న లెక్క కంటె, చదివి ఎంతమంది ఫోన్ చేసి చీర అడిగిండ్రన్నది ఒక నోటుబుక్కుల రాసుకోండ్రి. ఆర్నెల్లకు అదే చెప్తది పెట్టిన పైసలు వచ్చినయా లేదా అని.

ఇగ కాగితం. నాకెరికైన ఒక చిన్న బట్టల దుకాణం ఉన్నది, పేరెందుకుతీ. సైటు పేరు కన్సల్టెంటు తన మీద రిజిస్టరు చేసుకున్నడు, ఈమెయిలు వానిదే, పాస్‌వర్డు వానిదే. రెండేండ్లకు పైసల కాడ మాట తేడా వచ్చింది. తెల్లారేసరికి సైటు బందు. డబ్బాల మీద, సంచుల మీద, బోర్డు మీద అచ్చేయించిన పేరు ఇంకొకడి చేతుల ఉన్నది. సోనీ కథల ఆ రిజిస్టరు ఏజెన్సీ పేరు మీద ఉండుట్ల దొరికిపోయిండ్రు, ఇక్కడ అదే రిజిస్టరుతోని గొంతు పట్టిండు. అందుకే సైటు పేరు దుకాణం మీదనో సొసైటీ మీదనో ఉండాలె. రెన్యువల్ మెసేజి వచ్చే ఫోన్ నంబరు, ఈమెయిలు మనవి కావాలె. వానికి రాసి ఎక్కించే అధికారం ఒక్కటి ఇయ్యాలె, తాళంచెవుల గుత్తి గాదు.

రాత మీద హక్కు సంగతి చానా మందికి తెల్వదు, జర నిదానంగ ఇనుండ్రి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, జీతం మీద పెట్టుకున్న ఉద్యోగి కొలువుల భాగంగ రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. కన్సల్టెంటు జీతగాడు గాదు, బయటి మనిషి. వాడు ఫీజు తీసుకొని రాసినా మొదటి హక్కు వానిదే. సంతకం పెట్టి రాతపూర్వకంగ బదిలీ చేస్తేనే మనకు వస్తది. ఆ కాగితంల ఎన్నేండ్లకని రాయకపోతే ఐదేండ్లకే అని చట్టం లెక్కగడతది. ఏ ఏ దేశాలల్ల అని రాయకపోతే ఇండియా వరకే అంటది. కాబట్టి హక్కు ఉన్నన్నొద్దులు, ప్రపంచమంతట అని రాయించుకోండ్రి. ఫోటోల కాడ చట్టం జర నయం. పైసలిచ్చి తీయించుకున్న ఫోటో, వేరే ఒప్పందం లేకుంటే, తీయించుకున్నోళ్లదే. అయినా అసలు ఫైళ్లు అడిగి మీ దగ్గర పెట్టుకోండ్రి, హక్కు ఉండి ఫైలు లేకుంటే ఏం జేస్తరు?

ఒప్పందంల ఇంకో రెండు మాటలు పడాలె. ఒకటి, నెల ముందు చెప్పి ఎవరన్న ఇడిసిపెట్టొచ్చు, పోయేనాడు అన్ని ఫైళ్లు, పాస్‌వర్డులు అప్పజెప్పాలె. రెండు, దొంగ పేర్లతోని, కొనుక్కున్నోళ్ల లెక్క నటించుకుంట ఎక్కడా రాయద్దు.

ఈడ డిగ్రీ చదువుతున్న పిల్లలు చానా మంది ఉన్నరు. ఇప్పటిదాక దుకాణదారుల దిక్కు మాట్లాడిన, మీకొక మాట. ఈ పనికి హైదరాబాదు నుంచి ఎవరో రావాలని ఎందుకు అనుకుంటున్నరు? మగ్గం మీ ఇంట్ల ఉన్నది, ఫోన్ మీ జేబుల ఉన్నది. నాలుగు మగ్గాలోళ్లు కలిసి మీకు నెలకింత అని కడితే మీ చదువు ఖర్చన్న ఎల్తది. కానీ మీరు కూడ అదే కాగితం మీద సంతకం పెట్టాలె. మనోడే గద అని కాగితం లేకుండ మొదలువెట్టిన కాడనే చుట్టరికాలు చెడుతయి. పైసలు ఏ తారీఖుకు ఇస్తరో అండ్ల రాయించుకోండ్రి, మనోళ్లు మనోళ్లకే ఎగ్గొట్టుడు ఎక్కువ.

నమూనా ఒప్పందం ఒక్క పేజీల, తెలుగుల రాసి తెచ్చిన. ఎనుక బల్ల మీద ఉన్నది, తలా ఒకటి తీసుకోండ్రి. ఇంటికాడ చదివి, అర్థం గాని తాన గీత గీసి తెండ్రి, వకీలు సాబుకు చూపెట్టి మార్పిస్త. ఇప్పుడు మీరు అడుగుండ్రి.