ఎర్ర మందు ఎక్కించుకుంటున్నవారికి

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



మందుల సాయం కోసం మన దగ్గరికి వచ్చే రొమ్ము క్యాన్సర్ రోగుల చీటీల్లో తరచుగా కనిపించే పేరు డాక్సోరూబిసిన్. ఏడ్రియామైసిన్ అన్నా అదే. వార్డులో మాత్రం అందరూ ఎర్ర మందు అంటారు. మేము డాక్టర్లం కాము. రోగుల పక్కన కూర్చుని, డాక్టర్లూ నర్సులూ చెప్పింది రాసుకుంటూ నేర్చుకున్నదే మీ ముందు పెడుతున్నాం.

ముందు ఆ రంగు సంగతి. ఇటలీ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి ఈ మందును తీశారు. ఏడ్రియాటిక్ సముద్రం పేరే దానికి పెట్టారు. ఎరుపు ఆ మందు సొంత రంగు. అందుకే ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదు, భయపడకండి. ఆ తర్వాత కూడా ఎరుపు తగ్గకపోయినా, మంట ఉన్నా డాక్టరుకు చెప్పాలి. ఆ రెండు రోజులూ మూత్రానికి వెళ్లాక నీళ్లు రెండుసార్లు పోయండి. రోగి బట్టలు ఉతికేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి.

మందు ఎక్కుతుండగా సూది దగ్గర మంట పుట్టినా, వాచినా వెంటనే నర్సును పిలవాలి. మన ఆడవాళ్లు "పాపం, ఆమెకు ఎంత పనో" అని ఓర్చుకుంటారు. ఇక్కడ ఓర్పు పనికిరాదు. ఈ మందు నరం దాటి బయటికి కారితే అక్కడి కండ, చర్మం పుండై కుళ్లిపోవచ్చు. ఇంటికి వచ్చాక నొప్పి మొదలైతే వేడి కాపడం పెట్టకండి, ఆసుపత్రికి ఫోన్ చేయండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, జ్వరం.

మందు ఎక్కిన రోజున రోగి బాగానే కనిపించవచ్చు. ప్రమాదం రెండో వారంలో ఉంటుంది. 10 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. సాధారణంగా 21వ రోజుకు మళ్లీ కోలుకుంటాయి కాబట్టే చాలామందికి తర్వాతి విడత అప్పుడు వేస్తారు. ఈ మధ్యలో ఒళ్లు సూక్ష్మక్రిములతో పోరాడలేదు. మనకు తెలిసిన ఒక ఖాలాకు రెండో విడత అయిన 11వ రోజున జ్వరం వచ్చింది. "తేదీకి ఇంకా పది రోజులుంది, ఊరు దూరం" అని ఇంట్లోవాళ్లు పారాసిటమాల్ వేశారు. జ్వరం దిగింది, మళ్లీ ఎక్కింది, మళ్లీ గోళీ. మూడో రోజు స్పృహ లేని స్థితిలో తీసుకొచ్చారు. వారం రోజులు ఐసీయూలో ఉండి అల్లా దయవల్ల బయటపడ్డారు. గోళీ జ్వరాన్ని దాస్తుందే గానీ క్రిమిని చంపదు. థర్మామీటరులో 100.4 చూపిస్తే, అర్ధరాత్రి అయినా సరే, తేదీ కోసం ఆగకుండా బయలుదేరండి. చలితో వణికినా అంతే. అత్యవసర విభాగంలో మొదటి మాటగా "కీమో నడుస్తోంది, ఫలానా రోజున ఎక్కించారు" అని చెప్పండి. చాలా ఇళ్లలో జబ్బు పేరు రోగికి చెప్పరు. ఉద్దేశం ప్రేమే కావచ్చు. కానీ తనకేం జరుగుతోందో తెలియని మనిషి ఈ మాట ఎలా చెప్పగలదు?

జుట్టు రెండు మూడు వారాల్లో రాలుతుంది, చికిత్స అయ్యాక మళ్లీ వస్తుంది. గోళ్లు నల్లబడతాయి. నోరు పూస్తే కారం మాని, ఉప్పునీళ్లు పుక్కిలించండి. వాంతులకు ఇచ్చిన మాత్ర వాంతి వచ్చేదాకా ఆగకుండా, చెప్పిన వేళకు వేసుకోవాలి.

గుండె సంగతి వేరు. ఈ మందు గుండె కండరాన్ని బలహీనపరచగలదు. అది ఏళ్ల తర్వాత కూడా బయటపడవచ్చు. అందుకే మొదట ఎకో తీయిస్తారు. ఒక మనిషికి జీవితం మొత్తంలో ఇంత వరకే అన్న హద్దు కూడా ఉంది. ఆసుపత్రి మారినప్పుడు పాత కాగితాలు లేకపోతే ఎంత ఎక్కిందో కొత్త డాక్టరుకు తెలియదు. ఆ ఫైలును ఇంటి పత్రాలతో పాటు దాచండి. ఆయాసం, కాళ్ల వాపు వస్తే ఆలస్యం చేయకుండా చూపించండి.

రంజాన్‌లో రోజా ఉండవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. ఈ చికిత్సలో నీళ్లు బాగా తాగాలి, మాత్రలు వేళకు పడాలి. రోగికి సడలింపు ఖురాన్‌లోనే ఉంది. కోలుకున్నాక ఖజా చేసుకోవచ్చు. కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉంది. డాక్టరును, ఆలిమ్ సాహెబ్‌ను ఇద్దరినీ అడిగి నిర్ణయించుకోండి.

ఈ ఏడాది నుంచి మందుల సాయంతో పాటు ఒక్కో ఇంటికి ఒక డిజిటల్ థర్మామీటరు ఇస్తున్నాం. బయట బల్ల దగ్గర ఉన్నాయి. చూడడం రానివారికి మన వాలంటీర్లు నేర్పిస్తారు.