రిజిస్టర్‌లోకి ఎవరి పేరు ఎక్కుతుంది?

(విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ మన దేశంలో 2018 సెప్టెంబర్ 20న మొదలైంది. శిక్ష పడినవారి పేరు, ఫొటో, చిరునామా, వేలిముద్రలు అందులో ఉంటాయి. మొదటి రోజుకే 4.4 లక్షలకు పైగా ఎంట్రీలు. చూసే అధికారం మాత్రం పోలీసులు, దర్యాప్తు సంస్థలకే. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన దిశ బిల్లు ఇంకో అడుగు ముందుకేసి, అలాంటి రిజిస్టర్‌ను ప్రజల ముందు పెట్టాలంది. అమెరికాలో 1996 నాటి మేగన్ చట్టం దారి ఇదే.

నా ప్రశ్న ఒక్కటే. పేరు రిజిస్టర్‌లోకి ఎక్కాలంటే ముందు ఎఫ్‌ఐఆర్ కావాలి, సాక్షులు నిలబడాలి, శిక్ష పడాలి. ఈ మూడు మెట్ల మీదా మన దేశంలో కులమే కాపలా కూర్చుంది.

రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీ దేవి కుమ్మరి కులం స్త్రీ. 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో జైపూర్ కోర్టు అత్యాచార అభియోగాన్ని కొట్టేసింది. ఆమె పోరాటం నుంచి 1997లో విశాఖ మార్గదర్శకాలు వచ్చాయి. కానీ అలాంటి కేసులో నిందితుల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు.

ఇటువైపు చూడండి. పద్దెనిమిది నిండని అమ్మాయి, దళిత అబ్బాయి ఇష్టపడి వెళ్లిపోతే, అమ్మాయి తరఫువాళ్లు పోక్సో కేసు పెడతారు. ఆమె ఇష్టానికి చట్టంలో విలువ లేదు. శిక్ష పడితే ఆ అబ్బాయి రిజిస్టర్‌లో లైంగిక నేరస్థుడే.

పేర్లు రాసి కాపలా కాయడం మనకు కొత్త కాదు. 1871 నేరస్థ తెగల చట్టం పుట్టుకనే నేరంగా నమోదు చేసింది. స్టువర్టుపురం ఎరుకలవారిని అడగండి. 1952లో చట్టం రద్దయింది, అనుమానం రద్దు కాలేదు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవారే. బంధువు పేరు ఊరంతా చూస్తుందంటే ఎన్ని ఇళ్లు ఫిర్యాదుకు ముందుకొస్తాయి? అతని పేరు వెంట ఆ పిల్ల పేరూ బయటపడదా?

నేరస్థుడికి శిక్ష పడాల్సిందే. అందుకు కావలసిన చట్టం మన చేతిలో ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్ ప్రకారం, ఎస్సీ, ఎస్టీల ఫిర్యాదు నమోదు చేయకుండా కావాలని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీయేతర అధికారి శిక్షార్హుడు. 15ఎ సెక్షన్ బాధితులకు, సాక్షులకు రక్షణ ఇవ్వమంటుంది. ముందు ఈ రెండింటినీ అమలు చేయమని అడుగుదాం. మీ జిల్లాలో 4వ సెక్షన్ కింద ఎందరు అధికారులపై కేసు పెట్టారో సమాచార హక్కు దరఖాస్తు వేసి తెలుసుకోండి. మనకు ముందుగా కావలసిన రిజిస్టర్ అది.

జై భీమ్.