ల్యాప్‌టాప్‌నకు మెమరీ పెంచుట
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ఉపన్యాసము)



ఈ సంవత్సరము పదునొకటవ, పండ్రెండవ తరగతుల పిల్లల తల్లిదండ్రులు పలువురు మా వద్దకు వచ్చి, “ఇంటిలోని ల్యాప్‌టాప్ మందగించినది, క్రొత్తది కొనవలెనా?” అని అడిగినారు. కొందరు అప్పు చేయుటకు సైతము సిద్ధపడినారు. తమిళనాడు ప్రభుత్వము 2011లో విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకమును ప్రారంభించినది మొదలు ఈ యంత్రము సామాన్య కుటుంబములలోనికి కూడ వచ్చినది. అది మందగించినంత మాత్రమున పనికిరానిదని తలపరాదు. అప్పు చేయుటకు ముందు చూడవలసిన సంగతులు కొన్ని గలవు. వానిని మనవి చేయుదుము.

మొదట మెమరీ అనగా నేమో చూతము. వంట చేయునపుడు కావలసిన దినుసులు పొయ్యి ప్రక్కన నుండవలెను. అచ్చట చోటు చాలక కొన్నింటిని అటకమీద పెట్టినచో ప్రతి పోపునకును నిచ్చెన యెక్కవలసి వచ్చును. పొయ్యి ప్రక్కనున్న చోటే ర్యామ్ అనబడు మెమరీ. డిస్కు అటక వంటిది. ర్యామ్ నిండినపుడు యంత్రము కొంత సరకును డిస్కులో పెట్టి, కావలసినపుడు మరల తెచ్చుకొనును. ర్యామ్‌నుండి అందుకొనుటకంటె పాత తిరుగుడు డిస్కునుండి తెచ్చుటకు సుమారు లక్ష రెట్లు కాలము పట్టును. తెర నిలిచిపోయినట్లు తోచుట తరచుగా ఇందువలననే.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. మన బాలిక యొకతె తన ప్రాజెక్టును తెలుగున టైపు చేయుచుండగా యంత్రము మాటిమాటికి ఆగిపోవుచుండెను. బాగుచేయువారు, తెలుగు అక్షరముల వలన బరువెక్కినదనియు, వానిని తీసివేయుట మంచిదనియు చెప్పిరట. ఆమె తండ్రికి మేము లెక్క వేసి చూపితిమి. నేడు విరివిగా వాడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు 1 బైటు, తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టుననుట నిజమే. కాని 2,000 సంకేతములు గల పుట మొత్తము 6,000 బైట్లు మాత్రమే. 4 జీబీ మెమరీలో అట్టి పుటలు ఏడు లక్షలకు పైగా పట్టును. బరువు తెలుగుది కాదు. ఒకేసారి తెరచి యుంచిన ఇరువది బ్రౌజరు ట్యాబులది. తెలుగును తీసివేసినచో యంత్రమునకు వేగము రాదు. బిడ్డ చేతినుండి తెలుగు మాత్రము పోవును.

ఇక పరీక్ష. విండోస్ యంత్రమున కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడును కలిపి నొక్కినచో టాస్క్ మేనేజర్ తెరచుకొనును. అందు పెర్ఫార్మెన్స్ అను భాగములో మెమరీని చూడుడు. బిడ్డ నిత్యము చేయు పనులన్నియు తెరచినపుడు మెమరీ నూటికి తొంబది వరకు నిండుచున్నచో పెంచుటవలన ఫలితముండును. మెమరీ సగమే నిండి, డిస్కు నూటికి నూరు చూపుచున్నచో ముందు డిస్కు సంగతి చూడవలెను. పాత తిరుగుడు డిస్కునకు బదులు ఎస్ఎస్‌డీ పెట్టించుట అట్టిచోట మేలు. ఎన్ని స్లాట్లు వాడుకలో నున్నవో, మెమరీ ఏ వేగమున నడచుచున్నదో కూడ అచ్చటనే కనబడును. కొన్ని పలుచని యంత్రములలో ర్యామ్ బోర్డునకే అతుకబడి యుండును. వేరుగా స్లాటు లేనిచో పెంచుటకు వీలులేదు.

కొనునపుడు మూడు విషయములు గమనింపవలెను: రకము, వేగము, జత.

రకము కుదరనిచో పలక స్లాటులో పట్టనే పట్టదు. ల్యాప్‌టాప్‌లో వాడు డీడీఆర్3 పలకకు 204, డీడీఆర్4 పలకకు 260, డీడీఆర్5 పలకకు 262 పిన్నులుండును. గాటు కూడ వేరు వేరు చోట్ల నుండును. బలవంతముగా నొక్కరాదు.

వేగము పలకపై వ్రాసిన అంకెను బట్టి మాత్రమే రాదు. ఉదాహరణకు ఇంటెల్ కోర్ ఐ5-8250యూ ప్రాసెసరు డీడీఆర్4 మెమరీని 2400 వేగము వరకే నడపును. దానికి 3200 పలక కొని పెట్టినను 2400 చొప్పుననే నడచును. అది పలక దోషము కాదు. హెచ్చు అంకెకు హెచ్చు వెల యిచ్చుట మాత్రము వృథా. ఒక పలక 2133ది, ఇంకొకటి 2400ది అయినచో రెండును 2133 వేగముననే నడచును. జోడెడ్లలో ఒకటి నెమ్మదించినచో బండి దాని నడకనే నడచును గదా!

జత అనగా రెండు స్లాట్లలోను పలకలుండుట. దీనిని డ్యూయల్ ఛానల్ అందురు. 2400 పలక ఒకటియే యున్నపుడు సెకనుకు గరిష్ఠముగా 19.2 జీబీ సాగును. సమానమైన రెండున్నచో 38.4 జీబీ. నిత్యపు పనులలో వేగము రెట్టింపు కాదు గాని, ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రములలో చిత్రములు, వీడియోలు చూచునపుడు భేదము తెలియును. 4 జీబీ ప్రక్కన 8 జీబీ పెట్టినచో, ఇంటెల్ యంత్రములలో సాధారణముగా 8 జీబీ వరకు జతగా నడచి, తక్కిన 4 జీబీ ఒంటిగా నడచును. అయినను చోటు చాలక బాధపడుటకంటె ఇది మేలు. మొదట చోటు, తరువాత వేగము.

అమర్చునపుడు యంత్రమును పూర్తిగా ఆర్పి, ఛార్జరు తీసి, లోపలి బ్యాటరీ తీగను విడదీయవలెను. ముందుగా లోహపు వస్తువును తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలెను. పలకను అంచులయందే పట్టుకొని, ఏటవాలుగా దూర్చి, ఇరుప్రక్కల కొక్కెములు పట్టు వరకు మెల్లగా నొక్కవలెను. మొదటిసారి యంత్రము మేల్కొనుటకు కొంత ఆలస్యము కావచ్చును, కంగారుపడి ఆర్పరాదు. పిమ్మట టాస్క్ మేనేజర్‌లో మొత్తము, వేగము సరిచూడుడు. తక్కువ కనబడినచో పలకను తీసి మరల పెట్టి చూడవలెను. 32-బిట్ విండోస్ అయినచో 4 జీబీకి మించి వాడుకొనలేదు. యంత్రము చేసినవారు క్రొత్త బయోస్ ఇచ్చియున్నచో అదియు ఒక్కొక్కపుడు పనికివచ్చును. గ్యారంటీ మిగిలియున్న యంత్రమును విప్పుటకు ముందు దాని షరతులు చదువుడు.

మెమరీ పెంచినను తీరని లోపములు గలవు. విండోస్ 10కి సాధారణ భద్రతా సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు తగిన ప్రాసెసరు లేని యంత్రమునకు ఎంత ర్యామ్ పెట్టినను ఆ అర్హత రాదు. మరియు 2025 చివరి నెలలలో మెమరీ ధరలు మిక్కిలి పెరిగినవి. కనుక రెండు మూడు చోట్ల వెల విచారించి, యంత్రము విలువతో పోల్చి చూచుకొనవలెను.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటియే. అప్పు పత్రముపై చేవ్రాలు చేయుటకు ముందు ఆ ల్యాప్‌టాప్‌ను ఒకసారి పాఠశాలకు తీసికొని రండు. మీ బిడ్డ చేతనే టాస్క్ మేనేజర్ తెరపించి, ఆ అంకెలను మీకు తెలుగులో చదివి వినిపింపజేసెదము. పిమ్మట కొనుటయో, పెంచుటయో, ఊరకుండుటయో మీరే నిర్ణయింపవచ్చును.