తుపాకీ కొనే ముందు గొట్టం లోపల చూడండి
(రైతు సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగం)



జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ, పులివెందుల దిక్కు చీనీ, శనక్కాయ, ప్రొద్దుటూరు చుట్టుపక్కల వరి. ఏ పంటయినా అడవిపందుల మంద ఒక్క రాత్రి దిగితే ఆరుగాలం కష్టం నేలపాలే. తెల్లవార్లూ టార్చి పట్టుకుని కాపలా కాసేవాడికి తుపాకీ ఆలోచన రావడంలో వింత లేదు. కొత్తగా కొనాలనుకునే మన పిల్లలు "రైఫిల్ తీసుకుంటే ట్విస్ట్ ఎంత ఉండాలి?" అని అడుగుతున్నారు. ఆ మాటే మాట్లాడుకుందాం.

రైఫిల్ గొట్టం లోపల మరచుట్టు మాదిరి గాళ్లు ఉంటాయి. తూటా వాటిని ఒరుసుకుని గిరగిరా తిరుగుతూ బయటికొస్తుంది. బొంగరం తిరిగినంతసేపే నిలబడుతుంది. తూటా కూడా అంతే, తిరగకపోతే గాలిలో పల్టీలు కొడుతుంది. ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుందో అదే ట్విస్ట్. మామూలు .22 రైఫిల్‌కు 16 అంగుళాలకు ఒక చుట్టు. అంటే సెకనుకు 1,070 అడుగులు పోయే తూటా సెకనుకు 800 సార్లు తిరుగుతుందన్నమాట. తూటా పొడవు పెరిగితే చుట్టు బిగువు కావాలి. అదే వ్యాసంలో పొడవాటి తూటాలకు 7, 8 అంగుళాలకే ఒక చుట్టు పెడతారు. కాబట్టి ముందు తూటా, తర్వాత ట్విస్ట్.

అయితే మన చేనుకు ఈ లెక్కే అక్కర్లేదు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట కాపుదలకు చెప్పింది గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారికి నమ్మకం కుదిరితే, కనీసం 20 అంగుళాల గొట్టమున్న మరో నున్నటి గొట్టం తుపాకీ ఇవ్వొచ్చు. నున్నటి గొట్టంలో గాళ్లుండవు, ట్విస్టూ ఉండదు. .22 రైఫిల్‌ను అదే సెక్షన్ రైఫిల్ క్లబ్బు సభ్యుల గురి సాధనకు చెప్పింది.

చేనుకు కూడా ఇదే మేలు. నున్నటి గొట్టంలోంచి వచ్చే చిన్న సీసపు గుండ్లు కొద్ది దూరంలోనే బలం కోల్పోతాయి. చిన్నదనుకునే .22 తూటా మైలున్నర దాకా పోగలదు. చీకట్లో పక్క చేన్లో కాపలా పడుకున్నది ఎవరు? మన అన్నో, తమ్ముడో.

ఇంకో మాట. తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని చంపే హక్కు రాదు. 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అటవీ అధికారుల రాతపూర్వక అనుమతి వేరే కావాలి. లైసెన్సు లేని నాటు తుపాకీ దొరికితే 2019 సవరణ ప్రకారం రెండేళ్లకు తగ్గకుండా అయిదేళ్ల దాకా జైలు. పంట పోయిన ఇంట్లో మనిషి కూడా జైలుకు పోతే ఆ సంసారం ఏం కావాలి?

అడవి జంతువును కాపాడేది సర్కారు చట్టం. అది తిన్న పంటకు పరిహారం కూడా సర్కారే ఇవ్వాలి. అందుకే మేం చెప్పేది ఇది: డబ్బు కట్టకముందే సంఘానికి రండి. పంట పోయిన మరునాడే ఫొటో తీసి, అటవీ శాఖకు అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. ఒక్కొక్కరం కాదు, ఊరంతా కలిసి ఇద్దాం. తుపాకీ ఒక్క చేనుకే కాపలా. సంఘం అందరి చేలకూ కాపలా.