విత్తనమంతా ఒకే గుమ్మిలో పెట్టొద్దు: ఇంటి కంప్యూటర్‌కు బ్యాకప్ డ్రైవ్ ఎంచుకోవడం

(సంఘం వార్షికోత్సవం సందర్భంగా యువత కోసం ఆన్‌లైన్‌లో చేసిన ప్రసంగ పాఠం)



దండారి గురించో, నాగోబా జాతర గురించో మాట్లాడతామని మీరు అనుకొని ఉంటారు. వాటి గురించి మాకన్నా బాగా చెప్పగల పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. మేము ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడతాం. అరచేతిలో పట్టే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ గురించి. సంస్కృతి సభలో ఈ మాట ఎందుకని నవ్వకండి. అది మా దగ్గర లేనందువల్ల ఏం పోగొట్టుకున్నామో ముందు వినండి.

మేము అంటే హాస్టల్లో ఉండే అందరం. వార్డెన్‌గా మాట్లాడుతున్నది ఒక్కరమే అయినా పని చేసింది పిల్లలు, వంట చేసే అక్కలు, రాత్రి కాపలా ఉండే అన్న, అందరం కలిసి. మా ఆడపిల్లలు దీపావళి సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా ఒక పని చెప్పేవాళ్లం. మీ అవ్వ పాడే పెళ్లి పాట, తాత చెప్పే కథ, ప్రధాన్ల కిక్రి వాయిద్యం, ఏది దొరికితే అది ఇంట్లో ఫోన్‌లో రికార్డు చేసుకొని రండి అని. తిరిగి వచ్చాక అవన్నీ మా ఇంటి కంప్యూటర్‌లో ఎక్కించేవాళ్లం. ఆఫీసు కంప్యూటర్‌లో సొంతవి పెట్టకూడదు కదా. నాలుగేళ్లలో చాలా పోగైనయి. ఊరి పేరు, పాడినవారి పేరు, తేదీ రాసి ఫోల్డర్లుగా పెట్టుకున్నాం. ఎంత పద్ధతిగా ఉన్నాయో అని మాలో మేమే మురిసిపోయినం.

ఒక వానాకాలం రాత్రి ఉరుములు, కరెంటు పోవడం, రావడం. పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే లోపల టిక్ టిక్‌మని చప్పుడు, తెర మీద ఏమీ లేదు. పట్నంలో రిపేరు షాపుకు తీసుకుపోతే డిస్క్ లోపల భాగం చెడిపోయింది, హైదరాబాద్ పంపాలన్నారు. పంపినం. సగం జీతానికి పైనే అయింది. తిరిగి వచ్చిన వాటిలో ఫోటోలు కొన్ని బాగున్నాయి. పాటల ఫైళ్లు పేర్లతో సహా కనపడుతున్నాయి, తెరిస్తే తెరుచుకోవు.

పదో తరగతి పిల్ల ఒకతి ఆ వారమే వచ్చి నిలబడింది. వాళ్ల అవ్వ ఎండాకాలంలో చనిపోయింది. "మేడం, మా అవ్వ పాట మీ కంప్యూటర్‌లో ఉంది కదా, ఒక్కసారి వినిపిస్తరా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. ఫోల్డర్ మీద ఆ అవ్వ పేరు ఉంది. గొంతు లేదు.

మన దగ్గర చాలా సంగతులు కాగితం మీద లేవు. మనిషి గొంతులో, నడకలో ఉన్నాయి. గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ పొందిన మార్లవాయి కనకరాజు గారు 2024 అక్టోబరులో మనల్ని విడిచి వెళ్లారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి ఆట మిగిలింది. నేర్చుకునేవాళ్లు లేని పాట సంగతి ఏమిటి? రికార్డింగ్ ఒక్కటే దిక్కు. ఆ రికార్డింగ్ ఒక్క చోటే ఉంటే అది ఉన్నట్టు కాదని మాకు దెబ్బ తగిలాకే తెలిసింది.

ఇది మన పెద్దలకు తెలియని విషయమా? విత్తనం జొన్నలన్నీ ఒకే గుమ్మిలో పెట్టరు. కొన్ని అటక మీద, కొన్ని వేరే కుండలో, కొన్ని పక్క ఊరి చుట్టాల ఇంట్లో ఉంచుతారు. ఇల్లు కాలినా, పురుగు పట్టినా, ఎక్కడో ఒక చోట విత్తనం మిగలాలి. కంప్యూటర్ తెలిసినవాళ్లు ఇదే మాటను మూడు, రెండు, ఒకటి అని లెక్కగా చెబుతారు. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఊళ్లో.

ఇక డ్రైవ్ కొనే సంగతికి వద్దాం. మేము చేసిన తప్పులు మీరు చేయకుండా ఒక్కొక్కటి చెబుతాం.

మొదటిది, ఎంత పెద్దది కావాలి? దుకాణంలో అడగకముందు ఇంట్లో లెక్క వేసుకోండి. ఫోన్ ఫోటో ఒకటి సుమారు 4 ఎంబీ అనుకుంటే పదివేల ఫోటోలకు 40 జీబీ. మామూలు ఎంపీ3 పాట గంటకు 60 ఎంబీ లోపే. అదే పాటను నాణ్యంగా వేవ్ ఫైల్‌గా రికార్డు చేస్తే గంటకు 600 ఎంబీ నుంచి 1 జీబీ దాకా. ఎక్కువ చోటు తినేది వీడియో. నిమిషానికి 100 ఎంబీ లెక్కన గంటకు 6 జీబీ. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది ఎంతో చూసి, దానికి రెండు మూడింతలు ఉండే డ్రైవ్ కొనండి. చాలా ఇళ్లకు 1 టీబీ సరిపోతుంది. ఊరి ఉత్సవాలను వీడియో తీసేవాళ్లకు 2 టీబీ మేలు.

1 టీబీ డ్రైవ్ పెట్టగానే విండోస్‌లో 931 జీబీ అని కనపడుతుంది. మోసపోయినమని కంగారు పడకండి. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో లెక్కిస్తుంది. తేడా అంతే.

అసలు మోసం వేరే ఉంది. డిస్క్ పోయాక మేము తొందరపడి ఆన్‌లైన్‌లో చాలా చౌకగా వస్తోందని 2 టీబీ అని రాసి ఉన్న పెన్‌డ్రైవ్ కొన్నాం. కొన్ని ఫైళ్లు బాగానే పడ్డాయి. తర్వాత ఎక్కించినవేవీ తెరుచుకోలేదు. లోపల ఉన్నది చిన్న చిప్, పైకి మాత్రం పెద్ద సైజు చూపించేలా చేసిన దొంగ సరుకు. పేరు తెలియని కంపెనీ, నమ్మలేని ధర కలిసి కనపడితే కొనకండి. కొన్న డ్రైవ్ మీద అనుమానం ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అది డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి, నిజంగా ఎంత చోటు ఉందో చెబుతుంది. ఖాళీ డ్రైవ్ మీదే ఆ పరీక్ష చేయాలి.

రెండోది, హార్డ్‌డిస్కా, ఎస్ఎస్‌డీనా? హార్డ్‌డిస్క్ లోపల పళ్లెం తిరుగుతుంది, దాని మీద సన్నని ముల్లు లాంటిది కదులుతుంది. తిరుగుతుండగా కింద పడితే ముల్లు పళ్లేనికి తగిలి అంతా పోవచ్చు. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు. బస్సులో, బైకు మీద తీసుకుపోయేందుకు అదే నయం, వేగం కూడా ఎక్కువ. కానీ అదే సైజుకు ధర ఎక్కువ. పైగా కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పెట్టెలో పెట్టేస్తే ఎస్ఎస్‌డీలో రాసింది మెల్లగా చెడిపోయే వీలుంది. కాబట్టి ఇంట్లో ఒక చోట ఉంచి వారానికోసారి కాపీ చేసేందుకు హార్డ్‌డిస్క్ చాలు. ఊరూరా తిరిగి రికార్డు చేసేవాళ్లకు ఎస్ఎస్‌డీ. మేము మొదట హార్డ్‌డిస్కే కొన్నాం.

మూడోది, కరెంటు. హార్డ్‌డిస్కుల్లో చిన్నవి, పెద్దవి ఉంటాయి. చిన్నది, అంటే రెండున్నర అంగుళాలది, యూఎస్‌బీ వైరు నుంచే కరెంటు తీసుకుంటుంది. మూడున్నర అంగుళాల పెద్దదానికి వేరే అడాప్టర్, గోడకు ప్లగ్గు కావాలి. మన ఊళ్లల్ల కరెంటు ఎట్లుంటదో మీకు చెప్పాల్సిన పని లేదు. చిన్నదే తీసుకోండి. ల్యాప్‌టాప్ ఉంటే కరెంటు పోయినా బ్యాటరీ మీద కాపీ పూర్తవుతుంది. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉన్నప్పుడే కాపీ పెట్టండి. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేయండి.

నాలుగోది, వైరు, పోర్టు. పాత యూఎస్‌బీ 2 పోర్టుకు పెడితే 200 జీబీ కాపీకి గంటన్నర దాటుతుంది. యూఎస్‌బీ 3 పోర్టులో మామూలు హార్డ్‌డిస్క్‌కే అరగంట, ముప్పావుగంట చాలు. చాలా కంప్యూటర్లలో యూఎస్‌బీ 3 పోర్టు లోపల నీలం రంగు ఉంటుంది. డ్రైవ్‌తో వచ్చిన వైరు మీ కంప్యూటర్‌కు పడుతుందో లేదో కొనేముందే చూసుకోండి.

ఐదోది, ఫార్మాట్. విండోస్ ఒక్కటే వాడే ఇంటికి ఎన్‌టీఎఫ్ఎస్ మంచిది. మ్యాక్ ఉన్నవాళ్లకు కూడా ఇవ్వాలంటే ఎక్స్‌ఫ్యాట్. ఫ్యాట్32 అని ఉంటే అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, పొడుగు వీడియోలు ఎక్కవు. కొత్త డ్రైవ్ ఖాళీగా ఉన్నప్పుడే ఇది తేల్చుకోవాలి. ఫార్మాట్ చేస్తే లోపల ఉన్నదంతా పోతుంది.

ఆరోది, వారంటీ. చాలా పేరున్న డ్రైవులకు రెండు మూడేళ్ల వారంటీ ఉంటుంది. బిల్లు జాగ్రత్త చేయండి. కానీ వారంటీలో ఇచ్చేది కొత్త డ్రైవ్. అవ్వ పాట ఎవరూ తిరిగి ఇవ్వరు.

కొన్నాక చేయాల్సింది కూడా ఉంది. వారానికి ఒక రోజు పెట్టుకోండి. మా హాస్టల్లో ఆదివారం తలస్నానాలు, బట్టలుతుకుడు అయ్యాక కాపీ పని. విండోస్‌లో ఫైల్ హిస్టరీ అనే సదుపాయం ఉంది, డ్రైవ్ తగిలిస్తే మార్పులను అదే కాపీ చేస్తుంది. పని అయ్యాక సేఫ్లీ రిమూవ్ నొక్కి వైరు తీయండి. తగిలించే వదిలేయొద్దు. కంప్యూటర్‌కు వైరస్ వస్తే తగిలించి ఉన్న డ్రైవ్‌లోవి కూడా పాడవుతాయి. 2017లో వన్నాక్రై అనే వైరస్ ఎన్నో దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగింది. తగిలించని డ్రైవ్‌ను ఏ వైరస్సూ ముట్టలేదు. వానాకాలంలో తేమ తగలకుండా మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టండి.

నెలకోసారి ఏవైనా నాలుగు ఫైళ్లు డ్రైవ్‌లోంచి తెరిచి చూడండి, వినండి. మేము నాలుగేళ్లు ఫోల్డర్ పేర్లు చూసి మురిసినం అన్నాం కదా. ఉన్నాయనుకోవడం వేరు, తెరుచుకోవడం వేరు.

మరి వాట్సాప్‌లో ఉంది కదా, గూగుల్‌లో ఉంది కదా అని మీరు అడుగుతారు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోను, వీడియోను అది కుదించి పంపుతుంది, అసలు నాణ్యత ఉండదు. గూగుల్‌లో ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. రెండేళ్లు వాడని ఖాతాను తీసేసే నియమం కూడా ఉంది. ముఖ్యమైన కాగితాలకు, పాటలకు అదొక కాపీగా ఉండనీయండి. అదొక్కటే ఉంటే సరిపోదు.

కాగితాలంటే గుర్తొచ్చింది. కుల ధృవీకరణ పత్రం, అటవీ హక్కుల పట్టా, మెమోలు, బ్యాంకు పుస్తకం, ఇవన్నీ స్కాన్ చేసి డ్రైవ్‌లో పెట్టండి. ఒక్క కాగితం కోసం మండలాఫీసు చుట్టూ ఎన్ని రోజుల కూలి పోతుందో మీ అమ్మానాన్నలను అడగండి. వాటికి పాస్‌వర్డ్ పెట్టండి. ఆ పాస్‌వర్డ్ పుస్తకంలో రాసి ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. మరిచిపోతే తెరిచేవాళ్లు ఉండరు.

ఇంకో మాట. పూజల్లో పాడేవి, దేవుని దగ్గర చెప్పేవి అందరూ వినేవి కావు. పటేల్‌నూ, కటోడనూ అడగకుండా రికార్డు చేయొద్దు, చేసినా అందరికీ పంపొద్దు. డ్రైవ్‌లో దాచడం వేరు, ఫోన్లలో తిప్పడం వేరు.

వేరే ఊళ్లో ఒక కాపీ అన్నాం. 1940లలో మార్లవాయిలో మన పెద్దల మధ్య ఉండి హైమన్‌డార్ఫ్ దొర తీసిన ఫోటోలు, సినిమాలు లండన్‌లో సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. మంచిదే. కానీ మన తాతల ముఖాలు అంత దూరంలో ఉండి, మన ఇళ్లల్ల లేకపోతే ఎట్లా? అట్లాగే గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇక ముందు మీరు ఆ లిపిలో టైపు చేసి రాస్తారు. ఆ ఫైళ్లను కాపాడేది కూడా మీరే. మీ మేనమామ ఇంట్లోనో, పెళ్లయిన అక్క ఇంట్లోనో రెండో డ్రైవ్ పెట్టండి. వాళ్లది మీ ఇంట్లో పెట్టుకోండి. పండుగకు కలిసినప్పుడు మార్చుకోండి.

ఆ పిల్ల సంగతి చెప్పకుండా ముగిస్తే బాగుండదు. ఏమీ లేదని చెప్పినం. ఏడ్చింది, ఊరుకుంది. నెల తర్వాత వాళ్ల ఊరికి పోయి, వాళ్ల అన్న పక్కన పడేసిన పగిలిన ఫోన్ లోంచి మెమరీ కార్డు తీసుకొచ్చింది. అందులో పదకొండు పాటలు ఉన్నాయి. పదకొండూ తెరుచుకున్నాయి. మా అందరి ముందు అవ్వ పాడుతుంటే వంట అక్కలు పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చినరు. ఒక పాట మధ్యలో అవ్వ దగ్గి, "బిడ్డా, నీళ్లియ్యి" అన్నది కూడా ఉంది. దాన్ని కత్తిరించొద్దని ఆ పిల్ల చెప్పింది. కత్తిరించలేదు.

ఇప్పుడు ఆ పదకొండు పాటలు మూడు చోట్ల ఉన్నాయి. మిగతా అవ్వలవి, తాతలవి పోయినయి. వాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు, మళ్లీ పోయి అడుగుతున్నాం. మీరు ఈ రాత్రి ఇంట్లో పాత ఫోన్లు, మెమరీ కార్డులు ఎక్కడున్నాయో వెతకండి. డ్రైవ్ కొనడానికి డబ్బులు సమకూరకపోతే నలుగురు కలిసి ఒకటి కొనండి. అప్పటిదాకా ఒక కాపీ మా హాస్టల్‌కు తెచ్చినా సరే, మా డ్రైవ్‌లో చోటుంది.